జనవరిలో నలుగురు ఫ్రెండ్స్, మొదటి ఫారిన్ ట్రిప్, మొదటి స్నోబోర్డ్: ఎక్కడికి వెళ్ళాలి, ఎలా ప్లాన్ చేసుకోవాలి

తమ్ముడూ, ముందు నువ్వు అడిగింది నాలుగు ముక్కల్లో మళ్ళీ రాస్తా, ఇప్పుడే వచ్చి చదివేవాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. మారతహళ్ళిలో ఒకే ఫ్లాట్‌లో ఉండే నలుగురు, అందరూ పాతికలోపు, ఎవరి పాస్‌పోర్ట్ మీదా ఇంతవరకు ఒక్క స్టాంపు పడలేదు, జనవరిలో వారం సెలవు దొరికింది. ఒకడు కాలేజీ నుంచి స్కేట్‌బోర్డ్ ఆడతాడు. ఒకడు గుల్‌మార్గ్‌లో ఒక పూట బోర్డ్ మీద నిలబడి వచ్చాడు కాబట్టి ఇన్‌స్ట్రక్టర్ దండగ, నేనే నేర్పిస్తా అంటున్నాడు. ఒకడికి ఎత్తు అంటే భయం కానీ మీ కోసం వస్తున్నాడు. నువ్వేమో ఇంతవరకు మంచే చూడలేదు. గుల్‌మార్గా, జార్జియాలో గుడౌరీనా, కజకిస్తాన్‌లో ఆల్మాటీనా అన్నావు. మూడు రోజుల్లో బోర్డ్ వస్తుందా, సామాను కొనాలా అద్దెకి తీసుకోవాలా, ఇంట్లో చెప్పాలా, గోప్రో కొనాలా అని కూడా అడిగావు. (అన్నా అని రాశావు, నేను అక్కని, పర్లేదులే.)

నా సమాధానం ఆల్మాటీ. కానీ ఊరు కంటే ముందు ఒక మాట చెప్తా, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ప్లాన్ వేసేటప్పుడు ఆ స్కేట్‌బోర్డ్ అబ్బాయిని కాదు, భయపడే అబ్బాయిని చూసి వేయండి. చలికాలం వస్తే చాలు బెంగళూరు నుంచి ఏదో ఒక గుంపుతో నేను మంచుకి బయల్దేరతాను, ఎక్కువగా మన తెలుగు పిల్లలే, ట్రిప్ పాడయ్యేది ఫ్లైట్ లేటయి కాదు, హోటల్ బాగోక కాదు, రెండో రోజు మధ్యాహ్నం పాడవుతుంది. బాగా వస్తున్న ఇద్దరు పై లిఫ్ట్ ఎక్కేస్తారు, మూడోవాడు పరువు కోసం వాళ్ళ వెంట పోతాడు, పైన నిలబడి కిందకి చూసి గడ్డకట్టుకుపోతాడు, నాలుగోవాడు కింద కేఫ్‌లో వాచిన మణికట్టు పట్టుకుని ఫోన్ చూసుకుంటుంటాడు. ఆ రాత్రి రూమ్‌లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడుకోరు. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో లిఫ్ట్ పాస్ డబ్బుల దగ్గర గొడవ మొదలవుతుంది, అసలు గొడవ డబ్బులది కాదని అందరికీ తెలుసు.

ఇక ఊళ్ళ సంగతి. గుల్‌మార్గ్ నాకు చాలా ఇష్టం, పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదు, కానీ జనవరి మొదటి వారాలకి టికెట్లు కొనేసుకుని మంచు కోసం ఎదురుచూడటం ఈ మధ్య జూదం అయిపోయింది. 2024 జనవరిలో నెలాఖరు దాకా అక్కడ నేల కనిపిస్తూనే ఉంది, ఆ ఫోటోలు అందరూ చూసే ఉంటారు. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని ఫిబ్రవరిలో పెట్టాలనుకుని, మంచు చాలక మార్చికి జరిపారు. పైగా అక్కడి ఫేమస్ గొండోలా, అంటే మూసిన క్యాబిన్ల కేబుల్ కార్, దాని రెండో ఫేజ్ ఎక్కి దాదాపు 3950 మీటర్ల దగ్గర దిగితే అక్కడ మెషీన్లతో చదును చేసిన స్లోప్ ఉండదు, అదంతా విడి కొండ, మంచు చరియలు విరిగిపడే చోటు. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ పోయింది ఆ పక్క కొండల్లోనే, వాళ్ళేమీ కొత్తవాళ్ళు కాదు. నేర్చుకునేవాళ్ళకి కింద బన్నీ స్లోప్, అంటే కొత్తవాళ్ళ కోసం ఉండే చిన్న వాలు, చాలు, ఫిబ్రవరి రెండో సగంలో రెండు వారాలు సెలవు దొరికితే మాత్రం కళ్ళు మూసుకుని గుల్‌మార్గ్ అంటాను, అక్కడ కేంద్ర టూరిజం శాఖ కింద నడిచే స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సులు కూడా ఉన్నాయి. మీకున్నది జనవరి, ఒక్క వారం.

గుడౌరీ కొండ చాలా బాగుంటుంది, అందులో డౌట్ లేదు. తిబిలీసీ నుంచి 120 కిలోమీటర్లు, చెట్లు లేని వెడల్పు స్లోపులు, పైన సాడ్జెలే దగ్గర 3279 మీటర్లు. కొత్తవాళ్ళు చెట్టుకి గుద్దుకునే భయం లేదు. కానీ మనవాళ్ళకి ఈ-వీసా కావాలి. అమెరికా, యూకే, షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) లాంటి వీసా ఉన్నవాళ్ళకి అది లేకుండానే వదులుతారు, మీ నలుగురికీ అవేవీ లేవు. కొత్త పాస్‌పోర్ట్‌తో, కుర్ర గుంపుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ దగ్గర ప్రశ్నలు ఎక్కువే ఉంటాయి, వీసా చేతిలో ఉన్నా. ఆ రోడ్డు రష్యా బోర్డర్‌కి పోయే రోడ్డు, లారీల లైన్లు, గట్టిగా మంచు పడితే మూసేస్తారు, వారంలో ఒక రోజు దారిలోనే పోతే మీకు మిగిలేది ఏముంది. ఇంకోటి, గుడౌరీలో బోర్డ్ వద్దనుకున్నవాడికి హోటల్ తప్ప చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఆల్మాటీ ఎందుకంటున్నానో ఇక్కడే ఉంది. అది పెద్ద సిటీ, షింబులాక్ స్కీ రిసార్ట్ దానికి 25 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కింద మెదేవ్ అనే చోటు దాకా బస్సో ట్యాక్సీయో, అక్కడి నుంచి నాలుగున్నర కిలోమీటర్ల గొండోలా, దిగితే రిసార్ట్ బేస్ 2260 మీటర్లు, పై లిఫ్టులు తల్గర్ పాస్ దాకా, అంటే దాదాపు 3200 మీటర్ల దాకా పోతాయి. మీ భయపడే ఫ్రెండ్ మూడో రోజు నావల్ల కాదు బాబోయ్ అన్నా వాడి ట్రిప్ నాశనం అవ్వదు, మెదేవ్‌లోనే 1691 మీటర్ల ఎత్తున పేద్ద ఐస్ స్కేటింగ్ రింక్ ఉంది, దాని పైన బురద వరదలు ఊరి మీద పడకుండా కట్టిన డ్యామ్, 842 మెట్లు, ఓపికుంటే ఎక్కొచ్చు. 1921లో ఆ లోయలోంచి వచ్చిన బురద వరద ఊళ్ళోకి దూరి జనాన్ని చంపేసింది, 1973లో ఇంకోటి వస్తే ఈ డ్యామే ఆపింది. సిటీలో గ్రీన్ బజార్ ఉంది, కోక్ తొబే అనే కొండ మీదకి కేబుల్ కార్ ఉంది, చలికి ఒళ్ళు పట్టేస్తే అరాసాన్ బాత్స్‌లో వేడి ఆవిరి ఉంది. సాయంత్రం నలుగురూ ఒకే చోట తింటారు. వీసా కూడా లేదు, ఇండియన్ పాస్‌పోర్ట్‌కి 2022 జూలై నుంచి ఒక్కో విడత 14 రోజులు వీసా లేకుండా ఇస్తున్నారు, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, ఇన్సూరెన్స్ ప్రింట్లు మాత్రం చేతిలో పెట్టుకోండి.

ఫ్లైట్ విషయంలో పాత బ్లాగులు చూసి లెక్కలు వేయొద్దు. ఢిల్లీ నుంచి ఆల్మాటీకి ఇండిగో 2023లో మొదలుపెట్టింది, 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసేశాక చుట్టు తిరిగి పోవాల్సొచ్చి ఆపేసింది. షార్జా మీదుగా కూడా చూడండి, బెంగళూరు నుంచి ఒక్కోసారి అదే సుఖం, ఢిల్లీలో జనవరి పొగమంచులో ఇరుక్కోకుండా. ఏది కొన్నా రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనండి, విడివిడిగా కొంటే మొదటిది లేటయినప్పుడు రెండోది మీ ఖర్మ.

మూడు రోజుల్లో వస్తుందా అన్నావు. స్కీయింగ్ అయితే మొదటి రోజు సాయంత్రానికి ఎలాగోలా కిందకి వస్తారు, తర్వాత బాగా రావడానికి ఏళ్ళు పడుతుంది. స్నోబోర్డ్ తిరకాసు, మొదటి రెండు రోజులు నేల మీదే ఎక్కువ ఉంటారు, అవి దాటితే టకటకా వస్తుంది. కాబట్టి మూడు రోజుల్లో మలుపులు కలుపుకుంటూ గ్రీన్ స్లోప్ (అన్నిటికంటే తేలికది) దిగడం సాధ్యమే, నలుగురిలో ఇద్దరికి. మిగతా ఇద్దరికి నాలుగో రోజో ఐదో రోజో. అందుకే వారంలో బోర్డ్ రోజులు వరసగా పెట్టకండి. దిగిన రోజు ఊళ్ళో తిరిగి సామాను అద్దెకి చూసుకోండి, తర్వాత రెండు రోజులు పొద్దున క్లాసు, మధ్యాహ్నం అదే స్లోప్ మీద ప్రాక్టీస్, నాలుగో రోజు పూర్తిగా రెస్ట్. నవ్వుకుంటారు గానీ, రెండు రోజులు పడి లేచాక మంచం దిగడానికే గోడ పట్టుకుంటారు, జబ్బలు నొప్పి పుడతాయి, ఎందుకంటే బోర్డ్ కట్టుకుని మంచులోంచి లేవడమంటే ప్రతిసారీ ఒక పుషప్పే. అలసిన ఒంటితో మూడో రోజు పైకెక్కినవాళ్ళకే దెబ్బలు తగులుతాయి. రెస్ట్ తర్వాత ఇంకో రెండు రోజులు ఆడి వచ్చేయండి.

ఇప్పుడు నేర్పించే ఫ్రెండ్ సంగతి. ఆ అబ్బాయికి మంచి మనసే, కానీ తను ఎలా నిలబడుతున్నాడో తెలుసు, నువ్వెందుకు పడుతున్నావో తెలీదు. బోర్డ్‌కి రెండు అంచులు, మడమల వైపు హీల్ ఎడ్జ్, వేళ్ళ వైపు టో ఎడ్జ్. లోయ వైపు మొహం పెట్టి మడమల మీద కూర్చున్నట్టు జారడం అందరికీ గంటలో వస్తుంది, అటూ ఇటూ ఆకు రాలినట్టు ఊగుతూ దిగడాన్ని ఫాలింగ్ లీఫ్ అంటారు, చాలామంది గుల్‌మార్గ్ ఒకపూట హీరోలు అక్కడే ఆగిపోయి బోర్డ్ వచ్చేసింది అనుకుంటారు. టో ఎడ్జ్ అసలు పరీక్ష. కొండ వైపు మొహం పెట్టాలి, వీపు లోయకి, ఎటు పోతున్నావో కనపడదు. పిక్కలు కాదు, కాలి ముందు ఎముక బూటు నాలుకకి ఆనాలి, మోకాళ్ళు మంచులోకి దిగుతున్నట్టు వంగాలి, నడుము వంగకూడదు. భయం వేస్తే మనిషి ఏం చేస్తాడు, కిందకి చూస్తాడు, బరువు వెనక కాలి మీద వేస్తాడు. బరువు వెనక్కి పోతే బోర్డ్ ముందు భాగం తేలిపోతుంది, తిరగమన్నా తిరగదు, నేరుగా స్పీడందుకుంటుంది. ఈలోపు లోయ వైపు అంచు చటుక్కున మంచులో దిగబడిందా, కింద పరిచిన చాప ఎవరో లాగేసినట్టు మనిషిని ఎత్తి కుదేస్తుంది, చేతులు అడ్డం పెట్టేంత టైం కూడా ఉండదు. క్యాచింగ్ యాన్ ఎడ్జ్ అంటారు దాన్ని, తలకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే.

మంచి ఇన్‌స్ట్రక్టర్ ఏం చేస్తాడో చూడు. తన బోర్డ్ విప్పేసి బూట్లతో నీ ముందు నిలబడి రెండు చేతులూ పట్టుకుంటాడు, నువ్వు టో ఎడ్జ్ మీద జారుతుంటే కిందవైపు తను వెనక్కి నడుస్తాడు. నీ చూపు కింద పడగానే గడ్డం ఎత్తిస్తాడు. ఒక్కో చేయి వదులుతాడు, తర్వాత ఒక్క వేలు, తర్వాత గ్లవ్ చివర. భయపడే మనిషికి ఆ గ్లవ్ చివర చాలు. పోయినసారి మా గుంపులో ఒక తెనాలి అబ్బాయి, సరిగ్గా మీ ఫ్రెండ్ లాంటివాడే, ఇన్‌స్ట్రక్టర్ చేయి ఎప్పుడో వదిలేసి పక్కకి తప్పుకున్నా తెలీక చేతులు చాపుకునే అరవై అడుగులు జారిపోయాడు, పట్టుకో సార్ పట్టుకో సార్ అని తెలుగులోనే అరుస్తూ. ఇది ఫ్రెండ్ చేయలేడు, వాడికి తను పైనుంచి జారే ఛాన్స్ మిస్సవుతుందన్న యావ ఉంటుంది, పైగా మన దగ్గర సిగ్గు లేదు కదా అని జోకులేస్తాడు. షింబులాక్‌లో చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు రష్యన్‌లో చెప్తారు, ఇంగ్లీష్ వచ్చినవాళ్ళు కావాలని ముందే మెసేజ్ పెట్టి బుక్ చేసుకోండి. నలుగురికీ కలిపి ఒకళ్ళని కాదు, స్కేట్‌బోర్డ్ వాడు, గుల్‌మార్గ్ వాడు ఒక జట్టు, నువ్వు, ఆ ఫ్రెండ్ ఇంకో జట్టు, ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు. డబ్బులు చాలకపోతే హోటల్ తగ్గించుకోండి, హాస్టల్లో పడుకోండి, క్లాసు మాత్రం తగ్గించొద్దు.

లిఫ్ట్ గురించి ఎవరూ ముందు చెప్పరు. చెయిర్ లిఫ్ట్ ఎక్కడం కంటే దిగడం కష్టం. వెనక కాలు బోర్డ్ నుంచి విప్పి, ముందు కాలు మాత్రం కట్టుకుని కూర్చుంటారు. పైకి చేరేముందు సేఫ్టీ బార్ ఎత్తాలి, బోర్డ్ ముక్కు కాస్త పైకెత్తి నేరుగా ముందుకి పెట్టాలి, విప్పిన కాలిని రెండు బైండింగుల (బూట్లని బోర్డ్‌కి బిగించే పట్టీలు) మధ్య ఉండే రబ్బరు ప్యాడ్ మీద ఆనించి లేచి నిలబడాలి, కుర్చీయే మెల్లగా తోస్తుంది, బ్రేక్ వేద్దామని కాలు కింద పెట్టకుండా అలా జారిపోవాలి. పక్కవాణ్ణి పట్టుకోవద్దు, పట్టుకుంటే ఇద్దరూ పడతారు, వెనక కుర్చీలోవాళ్ళు వచ్చి మీద పడతారు. పడితే లేచే ప్రయత్నం చేయకుండా పాకుతూనైనా ముందు పక్కకి జరగండి. మేజిక్ కార్పెట్ (నిలబడితే మెల్లగా పైకి తీసుకెళ్ళే బెల్టు) దగ్గర ఒంటికాలితో జారడం బాగా వచ్చాకే కుర్చీ ఎక్కండి, చాలామంది ఆ ప్రాక్టీస్ చిన్నపిల్లల ఆట అని వదిలేస్తారు. అలాగే నలుగురూ స్లోప్ మధ్యలో వరసగా కూర్చుని సెల్ఫీలు వద్దు, ముఖ్యంగా మలుపు కింద, దిబ్బ కింద. పైనుంచి వచ్చేవాడికి కనపడరు. ఎఫ్‌ఐఎస్ అనే అంతర్జాతీయ స్కీ సమాఖ్య పది రూల్స్ పెట్టింది, అందులో ముఖ్యమైనది, పైనుంచి వచ్చేవాడిదే బాధ్యత, కిందున్నవాడికే దారి. కానీ రూల్ మన పక్కనుందని పక్కటెముక విరక్కుండా ఆగదు కదా. బోర్డ్ మీద పక్కకి నిలబడతాం కాబట్టి వీపు వైపు ఏమొస్తుందో కనపడదు, మడమల వైపు తిరిగేముందు ఒకసారి భుజం మీదుగా చూసుకోండి.

సామాను. బోర్డ్, బైండింగులు, బూట్లు, హెల్మెట్ అద్దెకే. బూటు బిగుతుగా ఉండాలి, వేళ్ళు ముందుకి తగిలీ తగలనట్టు, మోకాలు వంచితే మడమ లేవకూడదు, మడమ లేస్తే ఇంకో జత అడగండి, మొహమాటం వద్దు. బోర్డ్ నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి, బరువు ఎక్కువున్నవాళ్ళకి కాస్త పొడుగు. ఎడమ కాలు ముందా కుడి కాలు ముందా అని అడుగుతారు, రెగ్యులరా గూఫీనా అని, బయల్దేరేముందే ఫ్లాట్‌లో టైల్స్ మీద సాక్సులతో పరిగెత్తి జారండి, ఏ కాలు ముందుకి పోతే అదే.

కొనాల్సినవి వేరే. సర్జాపూర్ రోడ్ డెకథ్లాన్‌లో థర్మల్ బేస్ లేయర్, ఫ్లీస్, గ్లవ్స్, గాగుల్స్ దొరుకుతాయి. కాటన్ బనియన్, జీన్స్ మంచు మీదకి అస్సలు వద్దు, చెమటకి తడిస్తే ఆరవు, చలి ఎముకల్లోకి పోతుంది. సాక్సులు ఒక్క జతే, పల్చటి ఉన్నివి, రెండు జతలు వేస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. అన్నిటికంటే ముందు మణికట్టు గార్డులు, ప్యాడెడ్ షార్ట్స్. స్నోబోర్డ్‌లో కొత్తవాళ్ళకి ఎక్కువగా విరిగేది మణికట్టే, పడేటప్పుడు అరచేయి చాపడం వల్ల. గుప్పిట మూసి ముంజేతుల మీద పడాలి, వెనక్కి పడితే కూలబడి దొర్లాలి, గడ్డం ఛాతీకి ఆనించి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు జోడు మీద పట్టే గాగుల్స్ అడిగి తీసుకోండి. గాగుల్స్ లేకుండా, మబ్బుగా ఉంది కదా అని కూడా వెళ్ళొద్దు, కొత్త మంచు అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినంత మంట. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులకి కూడా రాయండి, అక్కడ ఎండ కిందనుంచి వస్తుంది. కొబ్బరినూనె తీసుకెళ్తానన్నాడట ఒకడు, అది సీసాలోనే గడ్డకట్టేస్తుంది, పెదాలకి వ్యాసలీన్ చాలు. ఫోన్ లోపలి జేబులో ఒంటికి తగిలేలా పెట్టుకోండి, చలికి బ్యాటరీ నలభై శాతం దగ్గరే ఆరిపోతుంది. జయమహల్ దగ్గర స్నో సిటీకి వెళ్ళి ప్రాక్టీస్ చేద్దాం అనుకుంటే అది సరదాకి బాగుంటుంది, బోర్డ్ నేర్చుకోవడానికి కాదు. దానికంటే నెల ముందు నుంచి ఆదివారాలు నంది హిల్స్ మెట్లదారి ఎక్కి దిగండి, దిగడమే ముఖ్యం, తొడలకి పనికొస్తుంది.

ఎత్తు గురించి, సిటీ నుంచి ఒకే రోజు 3200 మీటర్లకి పోతే తలనొప్పి, వికారం రావొచ్చు. మొదటి రెండు రోజులు ఎలాగూ బేస్ దగ్గరే ఉంటారు, అందుకూ అదే మంచిది. నీళ్ళు బాగా తాగండి, మధ్యాహ్నం బీరు తర్వాత బోర్డ్ వద్దు. జనవరిలో ఆల్మాటీ సిటీ మీద పొగ మబ్బులా పరుచుకుని ఉంటుంది, చూసి నీరసపడొద్దు, గొండోలా ఆ పొగ దాటి పైకి పోయేసరికి ఎండ ఫెళ్ళుమంటూ ఉంటుంది చాలా రోజులు.

ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్త. టికెట్ కొనేటప్పుడు టిక్ పెట్టే మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉండదు, యాడ్-ఆన్ తీసుకోవాలి, తీసుకున్నాక కూడా పాలసీ కాగితం చదవండి, మార్క్ చేసిన స్లోప్ దాటితే ఇవ్వరు, తాగి ఉంటే ఇవ్వరు, కొన్నిట్లో హెల్మెట్ లేకపోతే ఇవ్వరు. మా గుంపులో ఒక విజయవాడ అమ్మాయి పడి లేచి బెణికింది అంతే అంది, బొటనవేలు చాపితే దాని మొదట్లో గుంట పడుతుంది చూడు, అక్కడ నొక్కితే ప్రాణం పోతోంది అంటోంది. అక్కడ నొప్పి ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు, మొదటి ఎక్స్‌రేలో కనపడకపోవడం మామూలే, డాక్టర్ కట్టు వేసి పదీ పద్నాలుగు రోజులకి మళ్ళీ తీయమన్నాడు, బెంగళూరు వచ్చాక తీస్తే విరుపే. హాస్పిటల్‌కి పోయే ముందే ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కేసు నంబర్ తీసుకున్నాం కాబట్టి డబ్బులు వచ్చాయి. ఆ హెల్ప్‌లైన్ నంబర్ నలుగురి ఫోన్లలో ఉండాలి, ఒక కాగితం మీద కూడా.

ఇంకొకటి, ఇది అడగలేదు గానీ చెప్పాలి. 2024 డిసెంబర్‌లో గుడౌరీలో ఒక రెస్టారెంట్ పైన పడుకున్న 12 మంది చనిపోయారు, అందులో 11 మంది మన ఇండియన్సే, అక్కడ పనిచేసే పిల్లలు. కరెంటు పోయాక గదుల దగ్గర్లో మూసిన చోట జనరేటర్ వేశారని, కార్బన్ మోనాక్సైడ్ అని పోలీసులు చెప్పారు. దానికి వాసన లేదు, రంగు లేదు, తలనొప్పి, నిద్ర, అంతే. కొండ మీద కాటేజీ తీసుకుంటే, గుల్‌మార్గ్‌లో బుఖారీ (గది వెచ్చబెట్టే కట్టెల పొయ్యి) ఉన్న గదైనా సరే, బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఒకటి బ్యాగులో వేసుకోండి, అరచేతిలో పడుతుంది. సిటీలో హోటల్ తీసుకుని రోజూ గొండోలాలో పైకి పోవడమే మంచిదని నేననడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లో గోవా అని చెప్పి పోదామనుకుంటున్నావని రాశావు. వద్దు నాయనా. ఇన్సూరెన్స్ ఫారంలో ఎమర్జెన్సీ కాంటాక్ట్ అని ఒక గడి ఉంటుంది, అక్కడ నాన్న నంబరే రాస్తావు కదా, ఏదైనా అయితే అర్ధరాత్రి ఎవరో ఇంగ్లీష్‌లో ఫోన్ చేసి ఆల్మాటీ అంటే ఆ పెద్దాయన ఏమైపోవాలి. కొండ అంచుల మీంచి దూకే వీడియోలు కాకుండా ఐదేళ్ళ పిల్లలు బన్నీ స్లోప్ మీద జారే వీడియో ఒకటి చూపించు, మీరుండేది అక్కడే. అమ్మ పొడులు కట్టిస్తుంది, తీసుకెళ్ళు, ఆవకాయ చెక్-ఇన్‌లో వేయి, ఆ చలిలో వేడన్నం దొరకదు గానీ నాన్ మీద కందిపొడి కూడా బాగానే ఉంటుంది. అక్కడ మాంసం తినేవాళ్ళకి పండగే, బెష్‌బర్మాక్ అనే అక్కడి వంటకంలో గుర్రం మాంసం వేస్తారు, తిననివాళ్ళు ముందే అడగండి. బజార్లో కొరియన్ సలాడ్లు దొరుకుతాయి, క్యారట్ది మన వాళ్ళందరికీ నచ్చుతుంది. ట్యాక్సీకి యాండెక్స్ గో యాప్ పెట్టుకోండి. అక్కడివాళ్ళంతా కాస్పీ యాప్‌తో కడతారు, అది మనకి పనికిరాదు, ఒక ఫారెక్స్ కార్డు, కొంచెం టెంగే (అక్కడి డబ్బు) క్యాష్ చాలు.

గోప్రో కొనకు. మొదటి ట్రిప్‌లో హెల్మెట్ మీద కెమెరా పెడితే నీ మోకాళ్ళు, మంచు, ఆకాశం, మళ్ళీ మంచు, అంతే వస్తుంది. క్లాసులో ఒకళ్ళు కింద నిలబడి ఫోన్‌తో తీస్తే నడుము వంచుతున్నావో మోకాలు వంచుతున్నావో అప్పటికప్పుడు తెలుస్తుంది, ఇన్‌స్ట్రక్టర్‌కి కూడా చూపించొచ్చు. ఆ డబ్బులతో నలుగురికీ గార్డులు, ప్యాడెడ్ షార్ట్స్ వచ్చేస్తాయి. స్నో ప్యాంట్ కొనేముందు ఆ షార్ట్స్ వేసుకుని చూసుకోండి, ఒక సైజు పెద్దదే పడుతుంది.